పట్టాలు తీసేసినా తెగని దారి

*అమెరికా రాజధానికి ఆనుకుని, వేలాది తెలుగు కుటుంబాలు కాపురముంటున్న ఊళ్ల మధ్య నుంచి పాత రైలుకట్ట ఒకటి 72 కిలోమీటర్లు సాగుతుంది. దాని మీద రైలు ఆగిపోయి అర్ధశతాబ్దం దాటింది. కట్ట మాత్రం చెక్కు చెదరలేదు. దాని మీద నడిస్తే ఒక యుద్ధం, ఒక ధీరవనిత, మన జిల్లేడుకీ సీతాఫలానికీ చుట్టాలైన చెట్లూ ఎదురవుతాయి.*

పిల్లల్ని చూడటానికి వర్జీనియా వెళ్లే తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది మొదట కాలు పెట్టేది వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో. 1962 నవంబరులో అధ్యక్షుడు కెనెడీ దాన్ని ప్రారంభించారు. ఆ నిర్మాణానికి కావలసిన ఇసుక పక్కనే ఉన్న చిన్న రైలుమార్గం మీద గూడ్సు బండ్లలో వచ్చింది. అప్పటికే కొనఊపిరితో ఉన్న ఆ లైనుకు దక్కిన చివరి పెద్ద పనుల్లో అదొకటి. విమానాలు ఎగరడం మొదలైన ఆరేళ్లకు రైలు పూర్తిగా ఆగిపోయింది.

ఆ రైల్వే పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్. ఇవాళ అక్కడ ఎవరినైనా ‘డబ్ల్యూ అండ్ ఓడీ’ ఎక్కడని అడిగితే స్టేషనుకు కాదు, నడకదారికి తోవ చూపిస్తారు. ఆర్లింగ్టన్ దగ్గరి షర్లింగ్టన్‌లో మొదలై ఫాల్స్ చర్చ్, వియన్నా, రెస్టన్, హెర్న్‌డన్, స్టెర్లింగ్, ఆష్‌బర్న్, లీస్‌బర్గ్ మీదుగా పర్సెల్‌విల్ దాకా మొత్తం 45 మైళ్లు. వెడల్పు 100 అడుగులు. మధ్యలో నడిచేవాళ్లకీ సైకిళ్లకీ తారుదారి, వియన్నా దాటాక దాని పక్కనే 32 మైళ్ల పొడవునా గుర్రాలకు కంకరదారి. మిగిలిన జాగా అంతా గడ్డి, పొదలు, చెట్లు, వాగులు. కాగితాల్లో దీన్ని పార్కు అనే రాసుకున్నారు. ఇంత సన్నటి పార్కు వర్జీనియాలో మరొకటి లేదు.

ఈ పేర్లలో సగం మన ఇళ్లలో రోజూ వినపడేవే. హెర్న్‌డన్‌లో అన్నయ్య, ఆష్‌బర్న్‌లో మేనకోడలు, స్టెర్లింగ్‌లో కొడుకు స్నేహితుడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఈ ఊళ్ల చుట్టూ చేరాయి, ఉద్యోగాల వెంట మనవాళ్లూ చేరారు. సాయంత్రం ఆరు దాటాక ఆష్‌బర్న్ దగ్గర ఈ దారిలో తెలుగు వినపడని రోజు ఉండదు. నడిచేవాళ్లలో ఎక్కువమంది ఇంటి నుంచి రెండు మైళ్లు పోయి వెనక్కి తిరుగుతారు. ఆ రెండు మైళ్లకు అటూ ఇటూ ఏముందో చెప్పాలనే ఈ కథనం.

బొగ్గు కోసం బయల్దేరి...

పోటోమాక్ నది ఒడ్డున అలెగ్జాండ్రియా ఒకప్పుడు పెద్ద రేవు పట్నం. పడమటి నుంచి వచ్చే గోధుమలు, పిండి అక్కడే ఓడలెక్కేవి. బాల్టిమోర్ వాళ్లు రైలు వేసి ఆ సరుకంతా తమ రేవుకు మళ్లించుకోవడంతో అలెగ్జాండ్రియా వర్తకులకు భయం పట్టుకుంది. మనమూ రైలు వేసుకోవాలి, బ్లూ రిడ్జ్ కొండలు దాటి షెనండోవా లోయకూ, ఆ పైన హాంప్‌షైర్ బొగ్గు గనులకూ చేరాలి అనుకున్నారు. 1847లో అనుమతి పత్రం పుట్టింది. కొన్నేళ్లకు కంపెనీ తన పేరులోనే గమ్యాన్ని రాసుకుంది: అలెగ్జాండ్రియా, లౌడన్ అండ్ హాంప్‌షైర్ రైల్‌రోడ్.

హాంప్‌షైర్‌కు ఆ రైలు ఏనాడూ చేరలేదు. కొండలూ దాటలేదు. 1860 మే నెలలో లీస్‌బర్గ్ దాకా పట్టాలు పడ్డాయి. ఏడాది తిరిగేసరికి అంతర్యుద్ధం వచ్చింది.

1861 జూన్ 17. ఉత్తరాది సైన్యంలోని ఒహాయో పటాలం నుంచి సుమారు 270 మంది సైనికులు జనరల్ రాబర్ట్ షెంక్ నాయకత్వంలో వియన్నా వైపు రైల్లో వస్తున్నారు. ఇంజను ముందు లేదు. వెనక నుంచి పెట్టెల్ని తోస్తోంది. ముందు పెట్టెలు పైకప్పు లేనివి, సైనికులు వాటిల్లో కూర్చుని ఉన్నారు. వియన్నా ముందు వంపు దగ్గర కల్నల్ మాక్సీ గ్రెగ్ నడిపిస్తున్న దక్షిణ కరోలినా దళం ఫిరంగులతో పొంచి ఉంది. బండి వంపు తిరిగిందో లేదో గుళ్లు పడ్డాయి. సైనికులు దూకి అడవిలోకి పరుగెత్తారు. ఇంజను డ్రైవరు పెట్టెల కొక్కెం విప్పేసి, ఇంజనును వెనక్కి తోలుకుపోయాడు. క్షతగాత్రులను దుప్పట్లలో మోసుకుంటూ మిగిలినవాళ్లు కాలినడకన తిరిగి వెళ్లారు. 8 మంది చనిపోయారు.

తర్వాత జరిగిన మహా యుద్ధాల ముందు ఇది చిన్న ఘర్షణే. అయినా యుద్ధంలో రైలును అంత నేరుగా వాడి దెబ్బతిన్న తొలి సందర్భాల్లో ఇదొకటి. ఇప్పుడు వియన్నాలో ఆ కట్ట మీద నిలబడితే వంపు స్పష్టంగా కనిపిస్తుంది. రైలు వంపును ఎవరూ సరిచేయరు, తారు వేసినా అది అలాగే ఉంటుంది. దారి పక్కనే 1859లో కట్టిన దుకాణం ఒకటి ఉంది. యుద్ధంలో రెండు పక్షాల సైనికులూ దాన్ని వాడుకున్నారు, కొంతకాలం ఆస్పత్రిగానూ పనిచేసింది. ఇప్పుడు మ్యూజియం. కాసేపు ఆగి లోపలికి వెళ్లండి.

దక్షిణాది సైన్యం వెనక్కి తగ్గుతూ లౌడన్ జిల్లాలో పట్టాలు పీకి, వంతెనలు తగలబెట్టింది. యుద్ధం ముగిశాక మళ్లీ కట్టుకుంటూ రైలు మెల్లగా పడమటికి పాకింది. 1874లో పర్సెల్‌విల్, మరుసటి ఏడాది రౌండ్ హిల్, 1900లో కొండ పాదాన ఉన్న బ్లూమాంట్. అక్కడితో ఆగింది. లోయ కోసం, బొగ్గు కోసం వేసిన లైను చివరికి పాలక్యాన్లనూ, వేసవి విడిదికి వెళ్లే వాషింగ్టన్ కుటుంబాలనూ మోసింది. తెల్లవారకముందే హెర్న్‌డన్, ఫార్మ్‌వెల్ స్టేషన్ల దగ్గర రైతులు క్యాన్లు దించిపోయేవారు. ఆ ఫార్మ్‌వెల్ పేరునే 1896లో ఆష్‌బర్న్‌గా మార్చారు.

ఒక్క సెంటు

ఈ దారిలోని అన్ని కథల్లోనూ నన్ను కదిలించింది మాత్రం సైనికుల కథ కాదు. 1906 ఆగస్టులో ఈ లైను మీద ప్రయాణించిన ఒక నల్లజాతి మహిళది.

ఆమె పేరు బార్బరా పోప్. వాషింగ్టన్‌లో ఉపాధ్యాయురాలు, కథారచయిత్రి. వేసవి సెలవుకు లౌడన్ జిల్లాలో పేయోనియన్ స్ప్రింగ్స్ అనే విడిది ఊరికి టికెట్ కొనుక్కుని రైలెక్కింది. అప్పటికి ఈ లైను సదరన్ రైల్వే చేతిలో ఉంది. రైళ్లలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ వేరువేరుగా కూర్చోవాలని వర్జీనియా 1900లో చట్టం చేసింది. వాషింగ్టన్‌లో ఆ చట్టం లేదు. బండి పోటోమాక్ దాటి వర్జీనియాలోకి వచ్చాక, లేచి నల్లవాళ్ల అరలోకి వెళ్లమని కండక్టరు చెప్పాడు. ఆమె లేవలేదు. ఫాల్స్ చర్చ్‌లో దింపి అరెస్టు చేశారు. అక్కడే విచారణ జరిపి 10 డాలర్లు, ఖర్చులు జరిమానా వేశారు.

నల్లవాళ్ల హక్కుల కోసం డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్స్ తదితరులు అంతకు ముందు ఏడాదే మొదలుపెట్టిన నయాగరా ఉద్యమం ఆమె పక్షాన నిలబడింది. కేసు పైకోర్టుకు వెళ్లింది. జరిమానా చెల్లదని తీర్పు వచ్చింది. అంతటితో ఆమె ఊరుకోలేదు. తనకు జరిగిన అవమానానికి రైల్వే కంపెనీ పరిహారం కట్టాలని వాషింగ్టన్‌లో దావా వేసింది. 1907లో జ్యూరీ ఆమె గెలిచిందని చెప్పింది. ఇప్పించిన పరిహారం ఒక్క సెంటు.

రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనన్నది 1955లో. అంతకు దాదాపు 50 ఏళ్ల ముందు ఇదే పట్టాల మీద ఒక స్త్రీ అదే పని చేసింది. దావా గెలిచిన మరుసటి ఏడాది, 1908లో బార్బరా పోప్ కన్నుమూసింది. ఆమె చేరాలనుకున్న పేయోనియన్ స్ప్రింగ్స్ లీస్‌బర్గ్ దాటాక దారి పక్కనే ఉంది. ఊరు చిన్నది, విడిది సందడి ఎప్పుడో పోయింది. సైకిళ్ల వాళ్లు నీళ్ల సీసా మూత తీసుకుంటూ దాటిపోతారు. ఆ ఊరి పేరు చూసినప్పుడు ఆమె పేరు గుర్తు చేసుకోవాలని నా కోరిక.

ఆష్‌బర్న్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇంకా దగ్గర్లో ఇంకొకటి చూపించాలి. ఈ దారి దాటే ఆష్‌బర్న్ రోడ్డు మీదే నల్లజాతి పిల్లల కోసం 1892లో కట్టిన ఒంటిగది బడి ఉంది. పిల్లలు ఏ రంగు వాళ్లయితే ఆ బడికే వెళ్లాల్సిన రోజుల్లోది. 2016లో దాన్ని బాగుచేస్తుండగా కొందరు కుర్రాళ్లు రాత్రిపూట గోడల నిండా జాత్యహంకారపు రాతలు రాశారు. దొరికినవాళ్లను జైలుకు పంపకుండా న్యాయమూర్తి పుస్తకాలు చదివి వ్యాసాలు రాయమని, యూదుల ఊచకోత స్మారక మ్యూజియాన్ని చూసి రమ్మని ఆదేశించారు. బడికి మళ్లీ రంగు వేశారు. మన పిల్లలు చదువుకుంటున్న కౌంటీలోనే ఇదంతా జరిగింది. బడిని ఒకసారి చూపించి వాళ్లకు చెప్పడం మన బాధ్యత.

రోడ్లు వచ్చాయి, రైలు పోయింది

తర్వాతి కథ తొందరగానే చెప్పొచ్చు. 20వ శతాబ్దం రెండో దశకంలో ఎల్కిన్స్ కుటుంబం, వాషింగ్టన్ పోస్ట్ పత్రిక యజమాని జాన్ మెక్లీన్ ఈ లైనును తీసుకుని కరెంటు బండ్లు నడిపారు. వాషింగ్టన్ పక్కనున్న మెక్లీన్ ఊరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. కార్లొచ్చాక జనం తగ్గారు. 1930 దశకంలో అప్పులు, దివాలా. 1939లో పర్సెల్‌విల్ దాటిన భాగాన్ని మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువై కొన్నాళ్లు మళ్లీ జనం ఎక్కారు. 1951లో ప్రయాణికుల బండ్లు శాశ్వతంగా ఆగాయి. తర్వాత 1956లో పెద్ద రైల్వే కంపెనీ ఒకటి కొన్నది గానీ, గూడ్సు కూడా గిట్టుబాటు కాలేదు. 1968 ఆగస్టులో చివరి బండి నడిచింది. ఆర్లింగ్టన్‌లోని కొంత కట్టను హైవే శాఖ తీసుకుంది. ఐ-66 రహదారి మీద కార్లో వెళ్తున్నప్పుడు మీ కింద ఉన్నది కొంతవరకు పాత రైలుకట్టే.

ఇలా ఆగిపోయిన రైళ్లు అమెరికాలో ఒకటీ రెండూ కాదు. 1916 నాటికి ఆ దేశంలో రైలుమార్గాలు 2.5 లక్షల మైళ్లు దాటాయి. తర్వాత ఏటా తగ్గుతూ వచ్చాయి. పట్టాలు పీకేసిన కట్టల్ని చాలాచోట్ల పక్క రైతులో, స్థలాల వ్యాపారులో ముక్కలుగా కొనేసుకున్నారు. ఒక్కసారి ముక్కలయ్యాక మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు. విస్కాన్సిన్‌లో ఎల్రాయ్ నుంచి స్పార్టా దాకా 1960 దశకంలో కట్టను కట్టలాగే ఉంచి నడకదారి చేశారు. అదే తొలినాటి ఉదాహరణ. 1983లో అమెరికా చట్టంలో ఒక సవరణ వచ్చింది. రైలు ఆపేసినా, భవిష్యత్తులో మళ్లీ అవసరం పడొచ్చు కాబట్టి కట్టను చెదరనివ్వకుండా అంతవరకు ప్రజల నడకకు వాడుకోవచ్చని దాని సారాంశం. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇలాంటి దారులు పాతిక వేల మైళ్లకు పైగా ఉన్నాయి.

డబ్ల్యూ అండ్ ఓడీ అదృష్టం ఆ చట్టం కంటే ముందే పండింది. రైలు ఆగిన వెంటనే కట్టను విద్యుత్ కంపెనీ కొనేసింది. హైటెన్షన్ తీగలు లాగడానికి ఒకే వరుసలో మైళ్లకు మైళ్లు జాగా కావాలి, రైలుకట్టకు మించిన జాగా ఏముంటుంది? నడకదారి ఆలోచన ఆ కంపెనీకి లేదు. అయినా కట్ట ముక్కలు కాలేదు. 1959లో ఏర్పడిన ఉత్తర వర్జీనియా ప్రాంతీయ పార్కు అథారిటీ, స్థలాన్ని మాకు ఇవ్వండి, తీగల హక్కు మీరే ఉంచుకోండి అని బేరం పెట్టింది. 1974లో ఫాల్స్ చర్చ్‌లో కొద్ది దూరం ప్రయోగంగా తారు వేశారు. జనం విరగబడ్డారు. 1970 దశకం చివర్లో ఒప్పందం కుదిరింది. కొంచెం కొంచెంగా కొంటూ, తారు వేస్తూ 1988లో పర్సెల్‌విల్ చేరారు. 14 ఏళ్ల పని. ఒక్కసారిగా డబ్బు దొరకకపోయినా వదలకుండా పట్టుకున్న ఆ అధికారులకు దండం పెట్టాలి.

చుట్టాలు ఎదురయ్యే తోవ

తీగల కింద చెట్లు ఎత్తు పెరగకూడదు. అందుకని కొన్నేళ్లకోసారి నరికేస్తుంటారు. చూడటానికి బాధగా ఉంటుంది, నీడ పోతుంది. వేసవిలో ఆష్‌బర్న్ నుంచి లీస్‌బర్గ్ దాకా కొన్నిచోట్ల ఎండ నడినెత్తిన కొడుతుంది. కానీ చెట్టు ఎదగని ఆ జాగాలో గడ్డి, పూలమొక్కలు, ముళ్లపొదలు పెరుగుతాయి. అటు కాంక్రీటుకూ ఇటు లాన్లకూ మధ్య ఈ మొక్కలకు మిగిలిన చోటు ఇదే. బ్లూబర్డ్, గోల్డ్‌ఫించ్ లాంటి పిట్టలు ఈ పొదల అంచుల్నే పట్టుకుని బతుకుతాయి. పసుపుపచ్చ గోల్డ్‌ఫించ్ మిగతా పిట్టల్లా వసంతంలో గూడు కట్టదు. థిసిల్ అనే ముళ్లమొక్క, మిల్క్‌వీడ్ కాయలు పగిలి దూది ఎగిరేదాకా, అంటే వేసవి ముదిరేదాకా ఆగి, ఆ దూదితో గూడు మెత్తగా చేసుకుంటుంది.

ఆ మిల్క్‌వీడ్ దగ్గర ఆగాలి. జూన్ చివర్లో హెర్న్‌డన్ దాటాక దారి అంచున నడుము ఎత్తున కనిపిస్తుంది. వెడల్పాటి దళసరి ఆకులు, ఆకు వెనక సన్నటి నూగు, గులాబీరంగు పూలగుత్తులు. ఓ సాయంత్రం గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మనవడితో నడుస్తూ దాని దగ్గర ఆగిపోయారు. ఆకు తుంచారు. తెల్లటి పాలు బొట్లుబొట్లుగా కారాయి.

“ఒరే నాన్నా, ఇది మన జిల్లేడు రా!”

“కాదు తాతయ్యా, మిల్క్‌వీడ్. మా స్కూల్లో చెప్పారు. మోనార్క్ బటర్‌ఫ్లై క్యాటర్‌పిల్లర్ ఇది తప్ప ఇంకేమీ తినదు.”

ఇద్దరూ నిజమే చెప్పారు. జిల్లేడూ మిల్క్‌వీడూ ఒకే కుటుంబం. మోనార్క్ సీతాకోకచిలుక మిల్క్‌వీడ్ ఆకు అడుగున ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. పుట్టిన పురుగుకు తెలుపు, పసుపు, నలుపు చారలుంటాయి. ఆకులోని విషం తిని తన ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి రావు. మన జిల్లేడు మీద వాలే, నారింజరంగు రెక్కలకు నల్ల అంచున్న సీతాకోకచిలుకను ఎరుగుదురు కదా? దాని పురుగూ అదే పని చేస్తుంది, దానికీ చారలుంటాయి. అదీ మోనార్కూ ఒకే ప్రజాతి. తేడా ఏమిటంటే సెప్టెంబరులో వర్జీనియా మోనార్కులు వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల్లోని, దేవదారు కుటుంబానికే చెందిన ఫర్ చెట్ల మీద చలికాలం గడుపుతాయి. ఆ ప్రయాణంలో మధ్యమధ్య తేనె దొరకాలంటే ఇలాంటి తెగని పూలబాటలు కావాలి.

రెండో చుట్టాన్ని చూసి తప్పుకోవాలి. ఒకే కాడకు మూడు ఆకులతో చెట్లకు పాకే తీగ, పాయిజన్ ఐవీ. ముట్టుకుంటే చర్మం బొబ్బలెక్కుతుంది. ఇది మామిడి, జీడి కుటుంబం. జీడిగింజ రసం తగిలి చర్మం కాలినవాళ్లకు, మామిడి సొన అంటి పొక్కినవాళ్లకు ఆ బాధ తెలుసు. అన్నిట్లోనూ ఉన్నది దగ్గరి రసాయనాలే. ఫొటో కోసం పొదల్లోకి దిగేవాళ్లు ముందు ఆకులు లెక్కపెట్టుకోవాలి. పొడుగు గడ్డిలోకి వెళ్లొస్తే ఇంటికొచ్చాక కాళ్లు, మెడ వెనక, పిల్లల చెవుల వెనక పిడుదులున్నాయేమో చూసుకోవాలి. లైమ్ అనే జబ్బును తెచ్చేవి అవే, లౌడన్‌లో అది అరుదైనది కాదు.

మూడోది తీపి చుట్టం. వర్జీనియా వాగుల ఒడ్డున, పెద్ద చెట్ల నీడలో పాపా అనే చిన్న చెట్టు పెరుగుతుంది. ఆకులు జానెడుకు మించి పొడవు, కిందికి వేలాడుతుంటాయి. సెప్టెంబరులో పండే కాయ పైకి ఆకుపచ్చగా ఉంటుంది. కోస్తే పసుపుపచ్చ మెత్తటి గుజ్జు, నల్లటి పెద్ద గింజలు. రుచి చూసిన తెలుగువాళ్లెవరికైనా సీతాఫలం గుర్తొస్తుంది, గుర్తురావడమూ న్యాయమే: రెండూ ఒకే కుటుంబం. సీతాఫలం కుటుంబం దాదాపు అంతా ఉష్ణమండలంలోనే ఉంటే, ఇదొక్కటీ మంచుకు తట్టుకుని ఇంత ఉత్తరానికి వచ్చింది. జీబ్రాలా నలుపు తెలుపు చారలుండే స్వాలోటెయిల్ సీతాకోకచిలుక ఈ చెట్టు ఆకు మీద తప్ప గుడ్లు పెట్టదు. పాపా పండు దుకాణాల్లో దాదాపు దొరకదు, కోసిన రెండు మూడు రోజుల్లో పాడైపోతుంది.

రెస్టన్, హెర్న్‌డన్ మధ్య చిత్తడి నేలల్లో బీవర్లు ఆనకట్టలు కట్టుకుంటాయి. బొచ్చు కోసం వేటాడి వేటాడి 20వ శతాబ్దం మొదలయ్యేసరికి వర్జీనియాలో వాటిని లేకుండా చేశారు. 1930 దశకంలో వేరే చోట్ల నుంచి తెచ్చి వదిలారు. సాయంసంధ్య వేళ చప్పుడు చేయకుండా నిలబడితే నీటి మీద బూడిదరంగు కొంగతో పాటు బీవరు తల కూడా కనిపించవచ్చు. రైలుకట్ట వేసినప్పుడు ఇరువైపులా మట్టి తీసిన గుంటలే కొన్నిచోట్ల ఈ చిత్తడిగా మారాయి.

అన్నీ మంచి మొక్కలే ఉన్నాయని చెప్పను. మట్టి కోసుకుపోకుండా ఉంటుందని ఒకప్పుడు రైలుకట్టల మీద, రోడ్ల పక్కన నాటిన కుడ్జూ తీగ, జపాన్ హనీసకిల్ చెట్ల మెడకు చుట్టుకుని నీడలో చంపేస్తున్నాయి. శనివారాలు వలంటీర్లు చేతి తొడుగులు వేసుకుని వాటిని పీకుతుంటారు. ఆ గుంపుల్లో మనవాళ్లు ఇంకా ఎక్కువమంది కనిపించాలి.

రాయి, తీగ, డేటా

ఆష్‌బర్న్ దాటి గూస్ క్రీక్ వైపు వెళ్తుంటే ఎడమా కుడీ కిటికీల్లేని పెద్ద పెద్ద భవనాలు. ప్రపంచంలో డేటా సెంటర్లు అన్నిటికంటే దట్టంగా ఉన్న ప్రాంతం ఇదే. మనం హైదరాబాద్‌లో ఫోన్ తాకితే స్పందించే యంత్రాల్లో కొన్ని ఇక్కడే ఉండొచ్చు. వాటికి కావలసిన కరెంటుకు తీగలు కావాలి, తీగలకు జాగా కావాలి. 2000 దశకం మధ్యలో లీస్‌బర్గ్ పడమట ఈ దారి వెంట మరింత పెద్ద లైను వేయాలనే ప్రతిపాదన వచ్చింది. ఉన్న చెట్లు పోతాయని ఊళ్లవాళ్లు ఏళ్లపాటు పోరాడారు. చివరికి 2008లో రాష్ట్ర శాసనసభ చట్టం తెచ్చి, కొంత దూరం తీగల్ని భూమి కిందుగా వేసేందుకు వీలు కల్పించింది. తీగలు కట్టను కాపాడిన మాట నిజం. కాపాడినవాటికే హద్దు చూపించాల్సి రావడమూ నిజం.

గూస్ క్రీక్ వంతెనకు కొంచెం దూరంలో పెద్ద క్వారీ ఉంది. దారి పక్క నుంచే లోతుగా తవ్విన గొయ్యి కనిపిస్తుంది. నల్లటి ఆ రాయి పేరు డయబేస్. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట భూఖండాలు ఒకటిగా ఉన్న నేల చీలిపోతూ అట్లాంటిక్ పుట్టబోయేటప్పుడు, పగుళ్లలోకి ఎగదన్నిన శిలాద్రవం గట్టిపడితే వచ్చినది. చుట్టూ ఉన్న ఎర్రమన్ను అదే కాలంలో నదులూ సరస్సులూ పరిచిన ఒండ్రు. హెర్న్‌డన్ నుంచి లీస్‌బర్గ్ దాకా ఇళ్ల పునాదులు తవ్వినప్పుడల్లా బయటపడేది ఆ ఎరుపే.

లీస్‌బర్గ్ దాటాక దారి పైకెక్కుతుంది. ఆవిరి ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకని రైలు వేసినవాళ్లు గుట్టను కోశారు, పల్లాన్ని పూడ్చారు. వాళ్ల లెక్క వల్లే ఇవాళ 70 ఏళ్ల మనిషి కూడా ఈ దారిలో ఆయాసపడకుండా నడవగలుగుతున్నారు. అయినా క్లార్క్స్ గ్యాప్ దగ్గర ఎక్కడం తెలుస్తుంది. అక్కడ కట్ట ఒక రాతి కమాను కింది నుంచి పోతుంది. రాళ్లు చేత్తో చెక్కినవి, ఉలి పడిన గాట్లు పక్కవాటంగా ఇప్పటికీ కనిపిస్తాయి. అతుకుల్లో సన్నటి నాచు, పైన రోడ్డు. లోపల నడివేసవిలోనూ చల్లగా ఉంటుంది. సైకిలు దిగి గోడ మీద చెయ్యి ఆనించి చూడండి.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు

టికెట్ లేదు. ప్రతి అరమైలుకూ గుర్తురాయి ఉంది, ఆపద వస్తే ఆ అంకె చెబితే చాలు, సాయం చేరుతుంది. కుడివైపు నడవాలి. వెనక నుంచి గంట మోగినా, ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని కేక వినిపించినా మీ ఎడమ నుంచి సైకిలు దాటుతోందని అర్థం. కొత్తగా వచ్చిన అమ్మానాన్నలకు ఇది ముందే చెప్పాలి. నలుగురు వరుసగా దారంతా ఆక్రమించి నడవడం మన అలవాటు, వేగంగా వచ్చే సైకిలు ముందు అది ప్రమాదం. రోడ్లు దాటే చోట ఆగి చూడాలి. ఆష్‌బర్న్ వాళ్లకు నా సలహా: ఒక ఆదివారం కారు లీస్‌బర్గ్‌లో పెట్టి పడమటికి నడవండి. క్లార్క్స్ గ్యాప్, పేయోనియన్ స్ప్రింగ్స్, హామిల్టన్ మీదుగా వెళ్లే ఆ చివరి పది మైళ్లు ఈ దారి మొత్తానికీ అందమైన భాగం.

ఆ చివర పర్సెల్‌విల్‌లో 1904 నాటి స్టేషను బాగుచేసి ఉంది. తారుదారి అక్కడితో అయిపోతుంది. పడమట బ్లూ రిడ్జ్ కొండలు కనిపిస్తూనే ఉంటాయి. రైలు ఒకప్పుడు ఆ కొండ పాదాన బ్లూమాంట్ దాకా వెళ్లేది. నడకదారి ఎందుకు వెళ్లదు? ఎందుకంటే ఆ భాగాన్ని 1939లో మూసేశారు, అప్పటికి కట్టను ఉంచుకోవాలన్న ఆలోచన ఎవరికీ లేదు. 1968లో మూసినది ఒక్కరి చేతిలో చెదరకుండా ఉంది కాబట్టి 45 మైళ్లు దక్కాయి.

మనకూ ఇలాంటి చోట్లు ఉన్నాయి. గేజి మార్పిడి అప్పుడు వంపులు సరిచేసి కొత్త లైను వేసిన ప్రతిచోటా పాత కట్ట మిగిలిపోయింది. నల్లమలలో 1880 దశకంలో కట్టిన దొరబావి వంతెన స్తంభాలు మీటరు గేజి రైలు పోయాక అడవిలో నిలబడి ఉన్నాయి. అది పులుల అడవి కాబట్టి అక్కడ తారుదారి వేయమని ఎవరూ అడగరు, అడగకూడదు. కానీ ఊళ్లను ఆనుకుని ఉన్న పాత కట్టల సంగతి వేరు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరి పేరున ఉన్నాయో, ఎంతవరకు ఆక్రమణ జరిగిందో రైల్వే, రెవెన్యూ శాఖలు కలిసి జాబితా తయారుచేసి ప్రజల ముందు పెట్టాలి. తారు వేయడానికి డబ్బు పదేళ్ల తర్వాత దొరికినా ఫర్వాలేదు. అమ్మకం మాత్రం ఇప్పుడే ఆపాలి.